వెనక్కి వచ్చిన సారె

తీర్పు చదువుతున్నంతసేపూ తవిటమ్మ తన ముందున్న మంచినీళ్ల సీసా మూతనే చూస్తూ కూర్చుంది. ఎవరు ఏ భాషలో మాట్లాడినా చెవిలో పెట్టుకున్న యంత్రం తెలుగు చేసి వినిపిస్తుంది. ఆ తెలుగు మాత్రం ఏ తల్లి కన్నబిడ్డదీ కాదు. రైలు ఆలస్యంగా నడుస్తోందని చెప్పి, అందుకు చింతిస్తున్నామని కూడా చెప్పే గొంతు. ఆ గొంతే ఇప్పుడు చెబుతోంది. డాక్టర్ సూరాడ తవిటమ్మ తయారుచేసిన సముద్రపు గడ్డి వల్ల పొరుగు దేశపు లంక ఒకటి సగం కరిగిపోయిందని రుజువైంది కాబట్టి, వచ్చే వానాకాలానికల్లా ఆ గడ్డి బంగాళాఖాతంలో ఎక్కడా మిగలకూడదు.

ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు. పోనీ కోపమైనా వస్తుందేమోనని కాసేపు చూసింది. అదీ లేదు. పన్ను పీకేముందు సూది పొడిస్తే బుగ్గ మనది కానట్టు ఉంటుందే, మనిషి మొత్తం అలా ఉంది. మధ్యాహ్నం భోజనంలో పెట్టిన కొబ్బరి పచ్చడిలో ఉప్పు ఎక్కువైందన్న సంగతి మాత్రం బాగా గుర్తుంది.

కొలంబోలో సముద్రానికి ఎదురుగా కట్టిన ఆ భవనాన్ని తీరమండలి అంటారు. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలన్నీ కూర్చుని రాసుకున్న ఒడంబడికకు అది కాపలా. ఒడంబడికలో పుటలు బోలెడున్నాయి గానీ సారం ఒక్కటే: తీరం అందరిదీ కలిపి ఒక్కటి. చేపకూ ఇసుకకూ సరిహద్దు తెలియదు. ఒకడు గట్టు కట్టుకుంటే ఇంకొకడికి గండి పడుతుంది. అందుకని ఏ దేశమైనా తన ఒడ్డును బాగుచేసుకోవాలంటే మిగతా అందరి ఒడ్డూ లెక్కలోకి తీసుకోవాలి. రేవులు, మడ అడవులు, చేపల వేట, ఇసుక నడక అన్నీ కలిపి చూడాలి. వినడానికి ఎంత చక్కగా ఉందో! అది రాసే రోజుల్లో తవిటమ్మ కూడా బల్ల చరిచి మరీ ఔనంది.

"మేడమ్, దీని మీద ఇంక అప్పీలు లేదండి," అన్నాడు పక్క కుర్చీలోని ఖాదర్ వలీ. బందరు మనిషి, మన వైపు న్యాయ సలహాదారు. ఇన్నాళ్లూ ఆమె తరఫున వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్నాడు. "విడిచినవారే వెనక్కి తీసుకోవాలి అన్న నియమం కిందే వేశారు."

"ఆ నియమం నేను అడిగి పెట్టించిందే."

"తెలుసండి. వాళ్లూ అదే అన్నారు."

నిజమే. సముద్రంలోకి కొత్త ప్రాణిని వదిలేవాళ్లు దాని విరుగుడు కూడా చేసి ఉంచాలనీ, హాని జరిగితే వదిలినవాళ్ల చేత్తోనే ఆ విరుగుడు వెయ్యాలనీ పట్టుబట్టింది తవిటమ్మే. ఎవరో కంపెనీవాళ్లు ఏదో వదిలేసి చేతులు దులుపుకుపోతారని ఆమె భయం. తను తీసిన గోతిలో తనే పడడమంటే ఇదే కాబోలు అనుకుని, సీసా మూత తీసి ఓ గుక్క తాగింది.

బయట వరండాలో ఒక సన్నటి ఆవిడ ఆమె కోసం నిలబడి ఉంది. రోకేయా అని, ఆ లంకలో బడి పంతులమ్మ. విచారణలో వాళ్ల ఊరి తరఫున మాట్లాడింది ఆవిడే. చెవి యంత్రం ఇంకా తియ్యలేదు కాబట్టి ఆవిడ బంగ్లా మాటలు కూడా ఆ రైలు గొంతులోనే వినబడ్డాయి.

"మీ ఊరు ఉందా?" అని అడిగింది రోకేయా.

"ఉంది."

"ఆ గడ్డి లేకపోతే?"

"ఉండదు."

రోకేయా తల ఊపింది. "మా బడి పడిపోయిన రోజు పిల్లలు గంతులేశారు, సెలవొచ్చిందని. నేనే వాళ్లను కోప్పడ్డాను." తవిటమ్మ భుజం మీద చెయ్యి వేసి, వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనవచ్చు. ఆ చెయ్యి వేసినచోట ఏమీ అనిపించకపోవడానికే తవిటమ్మకు భయమేసింది.

*

ఆ గడ్డి పుట్టింది విశాఖపట్నం ప్రయోగశాలలో, ఒక గాజు తొట్టిలో. దాన్ని మొదట చూసిన బయటి మనిషి ముత్యాలు, తవిటమ్మ వదిన.

వదిన అంటే ఉత్త వదిన కాదు. తవిటమ్మకు ముందు, పెద్ద కొడుకు తర్వాత పుట్టిన నలుగురూ పోవడంతో, ఈసారి బిడ్డ దక్కాలని తల్లి ఆ పసిగుడ్డును చేటలో పెట్టి గుప్పెడు తవుడుకు అమ్మేసింది. ఆ వైపు ఆచారం అది. అమ్మేసిన బిడ్డను చావు పట్టించుకోదట. కొన్నది అప్పుడే కాపురానికొచ్చిన కోడలు ముత్యాలు. తర్వాత రెండేళ్లకే తల్లి పోయింది. ఉత్తుత్తి బేరం నిజం బేరమైపోయింది. పెంచిందీ, ఎండు చేపలమ్మి చదివించిందీ, పట్నం కాలేజీలో చేర్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చిందీ అంతా ముత్యాలే.

ఆ రోజు ముత్యాలు తొట్టిలో చెయ్యి పెట్టి అడుగున ఉన్న ఇసుకను వేలితో పొడిచి చూసింది.

"ఇదేటే తవిటీ, గచ్చు సేసినట్టుంది?"

"గచ్చు కాదొదినా, ఏర్లు. జిగురు ఊరి ఇసకని కదలనీవు."

తవిటమ్మ మీట నొక్కింది. తొట్టికి ఆ చివర అల లేచింది. వచ్చి వచ్చి గడ్డి మీదికి చేరేసరికి నీరసపడి, పచ్చటి పోచల మధ్య చప్పుడు లేకుండా పడుకుంది. ఇంకో అల, ఇంకోటి. ఇసుక రేణువు చెదరలేదు. ముత్యాలు నోరు తెరుచుకుని చూసి, చివరికి ఒక్కటే అడిగింది.

"మనూరికెప్పుడెడతావు?"

అప్పటికే నల్లగెడ్డపేటలో సముద్రం వైపు రెండు వరసల ఇళ్లు పోయాయి. మూడో వరసలో ముత్యాలు ఇల్లుంది. తవిటమ్మ అన్న ఎర్రయ్య ఆ ఊరి కులపెద్ద. ఆయన ప్రతి పొద్దునా లేచి ముందు చూసేది వాకిలి ఉందా లేదా అని. అలాంటి ఊరి ముందర గడ్డి నాటారు. మూడేళ్లు తిరిగేసరికి వలలు ఆరబెట్టుకునేంత ఒడ్డు వచ్చింది. పిల్లలు అక్కడ కబడ్డీ ఆడారు. ఊరు ఆ గడ్డికి తవిటమ్మ గడ్డి అని పేరు పెట్టి, నోరారా పిలిచింది.

అయితే ఒడంబడిక వాళ్ల అనుమతి నల్లగెడ్డపేట ముందున్న నీళ్ల వరకే. తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. ఒక్క ఊరి ముందు కాస్త ఆగితే కొంప మునగదు, ఊరూరా ఆగితే చివరనున్నవాడికి ఏమీ మిగలదు. అందుకే తవిటమ్మ ముందు జాగ్రత్తగా ఆ గడ్డికి పువ్వూ విత్తూ లేకుండా చేసింది. "గొడ్రాల్ని సేసీసినావు గదే పాపం," అని ముత్యాలు నొచ్చుకుంది కూడా. ఎవరో పిలక తీసి చేత్తో నాటితే తప్ప అది పక్క ఊరికి కూడా పోయే వీల్లేదు.

పోయింది. ఒరిస్సా దాటింది, బెంగాల్ చేరింది. తవిటమ్మే దొంగచాటుగా అమ్ముకుందని తీరమండలి మొదట అనుమానించింది. అప్పుడు ఖాదర్ వలీ ఒక పని చేశాడు. గడ్డి దొరికిన ప్రతి ఊరికీ వెళ్లి, నల్లగెడ్డపేట ఆడపిల్ల ఎవరైనా ఇక్కడ కోడలుగా ఉందా అని అడిగాడు. ప్రతి ఊళ్లోనూ ఉంది. లేకపోతే ఆ పక్క ఊరినుంచి వచ్చిన కోడలు ఉంది. పూరీ ఒడ్డున మనవాళ్ల పేటలు, పారాదీప్ దగ్గరి పేటలు, ఆ పైన బెంగాల్ రేవులు, అన్నిచోట్లా వియ్యాలే. ఆడపిల్లలు నడిచిన దారినే గడ్డీ నడిచింది.

మొదలుపెట్టింది ముత్యాలు. కూతురు కనకాన్ని పూరీ పేటకు అత్తారింటికి పంపుతూ చలిమిడి, అరిసెలు, ఎండు చేపల బుట్టలతో పాటు తడి గోనె చుట్టిన కుండ ఒకటి సారెలో పెట్టింది. కుండలో నాలుగు పిలకలు. పిల్ల వెళ్లే ఊరు కూడా నిలవాలని. ఆపైన అది ఆనవాయితీ అయిపోయింది. కుండ లేని సారె సారేనా అన్నారు. కనకం పెళ్లినాడు మేనత్త తవిటమ్మ అక్కడ లేదు. కొలంబోలో తీరమండలి సభలో ఉంది.

గడ్డిని ఇక్కడి నుంచి తరలిస్తే నేరమని ఒడ్డునే బోర్డు ఉంది. ముత్యాలుకు చదవడం వచ్చు. విచారణకొచ్చిన వాళ్లనే ఆవిడ ఎదురడిగింది: "లారీలకెత్తి అమ్ముకుంటే నేరం బావూ. కన్నకూతురికి సారెట్టుకుంటే నేరమేటి?" వాళ్లు టీ తాగి వెళ్లారు.

*

తీర్పు వచ్చినా విరుగుడు మందు వెంటనే పడదు. ఒడంబడికలో ఇంకో నియమం ఉంది, ఖాదర్ వలీ స్వయంగా రాసింది: ప్రాణిని మొదట వదిలిన ఒడ్డున బతికేవాళ్లు తమ ఆచారం ప్రకారం ఒప్పుకుంటేనే ఆ ఒడ్డును ముట్టుకోవాలి. ఒప్పించవలసింది వదిలిన మనిషి. అంటే తవిటమ్మ వెళ్లి, తనను పెంచిన ఊరిని, మునిగిపోవడానికి సరేననండని అడగాలి.

వలలు బాగుచేసుకునే పాకలో ఊరంతా కూర్చుంది. తవిటమ్మ అంతా చెప్పింది. ఎక్కడా గొంతు వణకలేదు. పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పుకుపోతుంటే ఎర్రయ్య తలదించుకుని వల కన్నాలు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు. ముత్యాలు మాత్రం కళ్లార్పకుండా చూసింది.

"మేం ఒప్పుకోపోతే ఏటి సేస్తారు?" అంది.

ఖాదర్ వలీ అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఏమీ చెయ్యలేరమ్మా. మీరు కాదంటే చుక్క మందు కూడా పడదు. ఆ లంక పోతుంది, అంతే."

"పోతే ఆళ్ల గోల ఆళ్లది. ఒలే తవిటీ, ఆ వుత్తరపోళ్ల కాడున్న గడ్డి పీకీ. మనూరిది ఒగ్గీ."

"అలాగవదొదినా. ఒకసోట ఏస్తే నీటెంట పోయి గడ్డెక్కడుంటే అక్కడికి సేరిపోద్ది. అన్నీ ఒక్క తల్లి పిలకలే గదా. ఆపడం నా సేతిలో లేదు."

"మరలాటప్పుడు ఎందుకు సేసినావే అలాటి మందు?"

ఎవరో దొంగలు చెడ్డ ప్రాణిని వదిలితే పట్టుకోవడానికి అని చెప్పబోయి, తవిటమ్మ ఊరుకుంది. అప్పుడు ఎర్రయ్య వల పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"మనూరిదీ, ఆళ్లదీ ఒక్కటే గడ్డయితే మనం ఔనని ఏటి, కాదని ఏటి? సారెలో ఎట్టీసినాక అది మనది కాదు. ఆడపిల్లలది. ఎనక్కిస్తామని ఆళ్ల నోటంట రావాల."

పాకలో ఆడవాళ్లందరూ ఒక్కసారి గుండెల మీద చెయ్యేసుకున్నారు. ఖాదర్ వలీ అర్థం కాక తవిటమ్మ వైపు చూశాడు. ఆమె మెల్లగా చెప్పింది: ఈ పేటలో సారె తిరిగి పుట్టింటికి వచ్చేది ఆ పిల్ల చచ్చిపోయినప్పుడే. బతికుండగా వెనక్కిస్తే, పుట్టింటికి తాను లేనట్టే. ఇంక పండక్కీ పబ్బానికీ, కాన్పుకీ కష్టానికీ ఆ గడప తొక్కకూడదు.

ముత్యాలు మొహం మాత్రం విప్పారింది. మొగుడు తెలివైన మాట అన్నాడనుకుంది. "ఔను, ఆళ్లనే అడగండి. ఏ ఆడపిల్లంటాదో నానూ సూస్తాను," అని లేచి చీర దులుపుకుంది. ఏ పిల్లా అనదని ఆవిడ ధీమా. తవిటమ్మ కూడా అలాగే అనుకుంది. అనుకున్నందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. రోకేయా చెయ్యి వేసిన భుజాన్ని ఊరికే ఓసారి తడుముకుంది.

ఖాదర్ వలీ ఆ మాటనే ఇంగ్లీషులో పెట్టి కొలంబోకు పంపాడు. ఊరి ఆచారం అదే అయితే అలాగే కానివ్వమని మండలి జవాబు రాసింది. ఇన్ని దేశాల తీరం గతి ఒక పేట ఆడపిల్లల నోటి మాట మీద ఆగింది.

*

ఆడపిల్లలు వచ్చారు. రైళ్లలో, బస్సుల్లో, పలాస స్టేషను నుంచి ఆటోల్లో. పెళ్లికి వచ్చినట్టే వచ్చారు, పిల్లల్ని చంకనేసుకుని. రెండు రోజులు ఊరు కళకళలాడింది. ముత్యాలు కూతురికి ఇష్టమని నెత్తళ్ల ఇగురు వండి, కొసరి కొసరి పెట్టింది. ఆ వాసనకు తవిటమ్మకు కూడా ఆకలేసింది. ఈ ఊళ్లో తనకింకా ఆకలి వేస్తోందని కొంచెం ఆశ్చర్యపోయింది.

మూడోనాడు పాకలో అందరూ కూర్చున్నారు. మొదటి కుండ కనకానిది కాబట్టి మొదటి మాటా కనకానిదే. మనిషి తల్లి పోలికే, ఆ చెంపలూ ఆ నిటారు మెడా. అయిదో నెల కడుపు మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది. తల్లి వైపు కాక తవిటమ్మ వైపు చూసి మాట్లాడింది.

"అత్తా, నీకు తెల్దు గానీ, మా పేటకి ఒడ్డొచ్చినప్పుడు మా మావగారు నన్ను నెత్తినెట్టుకుని సూసినారు. మా కోడలు గంగమ్మని ఎంటెట్టుకొచ్చిందని ఊరంతా సెప్పుకున్నారు. ఆ మరసటేడు మా వుత్తరాన ఉన్న పేట పోయింది. ఆళ్లూ మనోళ్లే. ఆళ్ల ఆడోళ్లు ఇప్పుడు మా కుళాయి కాడికే నీళ్లకొస్తారు. నన్ను సూసి బిందె పక్కకి తీసీసి, 'నువ్వు ముందట్టుకో తల్లీ' అంటారు. తిట్టరు. నాలుగేళ్లయి ఆ కుళాయి కాడ నాను తలెత్తలేదు."

"నోర్ముయ్యే," అంది ముత్యాలు.

"అమ్మా, నువ్వు మంచికే ఎట్టినావు. నాను ఇంక మొయ్యలేను. నా సారె ఎనక్కిచ్చెస్తన్నాను."

పాకలో ఎవరో కెవ్వుమన్నారు. కనకం కూర్చుండిపోయింది. పారాదీప్ కోడలు ఒకామె లేచి, నాదీ అంది. తర్వాత ఇంకొకామె. కొందరు అనలేక ఏడ్చారు; ఏడ్చి ఏడ్చి తల ఊపారు. ఒకామె పిల్లాడిని వదినకిచ్చి లేచి, తనూ అంది. అందరి మాటా అయ్యేసరికి ఎండ పాక నడిమికి వచ్చింది. ఎర్రయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ ఊళ్లో కులపెద్ద ఒప్పుకున్నాడనడానికి అదే గుర్తు.

తవిటమ్మ అంతా చూస్తూనే ఉంది. కనకాన్ని పసిపిల్లగా ఎత్తుకు తిప్పింది తను. వెళ్లి పక్కన కూర్చోవాలని తెలుసు. వెళ్లలేదు. ఖాదర్ వలీ జేబురుమాలు కళ్లకు అడ్డం పెట్టుకుంటే, ఈయనకేమిటి సంబంధం అని చూసింది.

మర్నాడు పొద్దెక్కాక, పోటు దిగినప్పుడు, ఆమె పడవ మీద గడ్డి నడుమకు వెళ్లింది. మండలి మనిషి ఒకడు కెమెరాతో వెంట వచ్చాడు. విరుగుడు చిన్న గాజు సీసాలో ఉంది, చూడ్డానికి కుంకుడు రసంలా. నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి అడుగున పోచలన్నీ ఒకే వైపు ఒరిగి ఊగడం కనబడుతోంది, వాటి మధ్య చిన్న చిన్న పీతలు, రొయ్య పిల్లలు. తను చేసిన వాటిలోకెల్లా చక్కనిది ఇదే. ఈ మాట కూడా ఎవరో రాసినది చదివినట్టే మనసులోకి వచ్చింది. సీసా వంచింది. కెమెరావాడు సరిగా పడలేదని, ఖాళీ సీసానే ఇంకోసారి వంచమన్నాడు. వంచింది.

*

గడ్డి ముందు పసుపు రంగుకు తిరిగింది, తర్వాత గోధుమ రంగుకు. ఒడ్డంతా కుళ్లిన కంపు. విరుగుడు చెప్పినట్టే నీటి వెంట ఉత్తరానికి నడుచుకుంటూ పోయింది; ఏ వారం ఏ పేటలో గడ్డి చచ్చిందో తవిటమ్మకు ప్రయోగశాలలోని తెర మీద కనబడేది. తెర ముందు కూర్చుని ఆమె వేళకు తిన్నది, వేళకు పడుకుంది. సహాయకులు ఆమె గుండె రాయి అనుకున్నారు. ఆమె కూడా అంతేనేమో అనుకుంది.

అలలు మళ్లీ లేచి నిలబడ్డాయి. కబడ్డీ ఆడిన ఒడ్డు మొదట పోయింది. నల్లగెడ్డపేట వాళ్లకు ఒడంబడిక కింద రోడ్డు అవతల, సముద్రం కనబడనంత దూరంలో ఇళ్లు కట్టారు. గట్టి ఇళ్లే. కుళాయిలు కూడా లోపలే. అక్కడ గాలి లేదని ఎర్రయ్య వాకిట్లో నిలబడి అటూ ఇటూ మొహం తిప్పి వెతుక్కునేవాడు. లంకకు ఇసుక చేరడం మొదలైందనీ, బడి ఉన్నచోట ఇప్పుడు మోకాటి లోతు నీళ్లే ఉన్నాయనీ రోకేయా కబురు పంపింది. తవిటమ్మ అది విని, మంచిది అంది. ఆ ఒక్క మాటా మనస్ఫూర్తిగానే అంది.

వానలకు ముందు ఆడపిల్లలు కుండలు తీసుకుని మళ్లీ వచ్చారు. ఈసారి ఆటోలు కొత్త కాలనీకి కాక తిన్నగా పాత ఊరి ఒడ్డుకే వెళ్లాయి. మూడో వరస గోడలు సగం నిలబడి ఉన్నాయి. కుండల్లో ఎండి నల్లబడిన గడ్డి వేర్లున్నాయి. తల్లులు ఎదురుగా వరసగా నిలబడ్డారు. పలకరింపులు లేవు, కాళ్లకు నీళ్లివ్వడాలు లేవు. ఒక్కొక్క కుండా చేతులు మారింది. కనకం నిండు నెలల మనిషి. కుండ ఇచ్చాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసపడింది. ముత్యాలు చెయ్యి దానంతటదే కూతురి వీపు మీదికి వెళ్లబోయి, మధ్యలో ఆగి, వెనక్కి వచ్చింది. ఆ పక్కనే తవిటమ్మ నిలబడి ఉంది. గడ్డి తీసేసినట్టు మండలికి ధ్రువీకరించవలసింది ఆమే కాబట్టి వచ్చింది.

తల్లులంతా కుండలతో నీళ్లలోకి దిగారు. నడుము లోతు వెళ్లి, కుండ వదిలి, ఒక్కసారి మునిగి లేచారు, చావు స్నానానికి మునిగినట్టే. ఆడపిల్లలు వెనక్కి చూడకుండా ఆటోలెక్కారు. చూడకూడదట. కనకాన్ని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు.

ఆటోల చప్పుడు పోయాక ముత్యాలు నీళ్లలోంచి వచ్చింది. తడి చీర కాళ్లకు చుట్టుకుంటోంది. తీర్పు వచ్చిన నాటినుంచీ ఆవిడ తవిటమ్మతో తిన్నగా మాట్లాడింది పాకలో ఆ నాలుగు మాటలే. ఇప్పుడు ఎదురుగా వచ్చి ఆగింది.

"నీ కుండేదే?"

"నాకు సారెవరెట్టినారొదినా? పెళ్లే అవలేదు గదా."

"నువ్వు మాకెట్టినావు గదే," అంది ముత్యాలు. "ఊరికి ఊరు నీ సారె. ఎట్టిందానివి నువ్వే. ఎనక్కి తీసుకున్నదానివీ నువ్వే."

తవిటమ్మకు ఏదో చెప్పాలని ఉంది. లంక గురించీ బడి గురించీ కాదు, వేరే ఏదో. నోట్లో నాలుక ఉందో లేదో తెలియలేదు. ముత్యాలు ఇంక ఆగలేదు. వెనక్కి తిరిగి ఒంటరిగా నీళ్లలోకి నడిచింది. మిగతా తల్లులు ఒడ్డు మీదే నిలబడి చూస్తున్నారు. నడుము లోతు వెళ్లి, చేతులు జోడించి, రెండోసారి మునిగింది.

లేచాక ముఖాన పడ్డ జుట్టు కూడా తియ్యలేదు. రెండు చేతులతో నీళ్లను బాదుతూ, ఆ వైపు ఆడవాళ్లు ఇంట్లో బిడ్డ పోతే ఏడ్చినట్టు, పుట్టిన నాటి నుంచీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ, పెద్దగా, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది.

"ఓలమ్మో నా తవిటీ... నా సిట్టితల్లీ... నా సేతులతో పెంచుకున్నానే తల్లీ..."

ఒడ్డున ఉన్న ఆడవాళ్లు ఒకరొకరే గొంతు కలిపారు. కెరటం వచ్చి చీలమండలు తడిపి పోయింది. తవిటమ్మ తన పేరు వింటూ అక్కడే నిలబడి ఉంది.